ఉరికంబం మీద అతుకు మంత్రం

ఉరితాడు మెడకు బిగుసుకునేసరికి బుల్లి చదువుతున్న మంత్రం సగం దాటింది. ఇంకాసేపు ఎవరూ తన జోలికి రాకపోతే చాలు. పగిలిన పెంకులన్నీ కలిసి మళ్ళీ తాగే కప్పు అవుతాయి. తను నిర్దోషినని చూపించే జాడ ఏదో ఆ కప్పులో దొరుకుతుంది.

"ఆ తలారి మీద నిప్పుల బంతి వేస్తున్నా," అన్నాడు బావ.

"వద్దు బావా. ఆగు."

చెబితే ఆగే మనిషైతే ఇన్నేళ్ళ గొడవే ఉండేది కాదు. పాచిక అప్పటికే బల్ల మీద దొర్లుతోంది. ఇరవై ముఖాల ఎర్ర పాచిక అది, గోలీకాయంత ఉంటుంది. బుల్లి ముందున్న టీ గ్లాసుకు కొట్టుకుని, ఒకటి అంకె పైకి చూపిస్తూ ఆగిపోయింది. అంతకంటే తక్కువ పడదు.

పళ్ళ డాక్టరు ఆ అంకెను తీరిగ్గా చూశాడు. నిప్పుల బంతి తలారి చెవి పక్కనుంచి దూసుకుపోయి సభామండపం తెరలకు అంటుకుందని, తలారికి వెంట్రుక కూడా కాలలేదని, పైగా అతను ఉలిక్కిపడి తాడు ఇంకాస్త లాగాడని, ముసలి మంత్రగత్తె మెడ ఒరుసుకుపోయి రక్తం కారుతోందని చెప్పాడు.

"అయ్యో, రక్తమే," అంది అక్క. "నేను పరుగెత్తి దాని భుజం మీద చెయ్యి వేస్తున్నా. గాయం మాన్పే మంత్రం."

డాక్టరు పెన్ను కిందపెట్టాడు. వేరే మంత్రం ఒంటిని తాకితే చేస్తున్న మంత్రం తెగిపోతుందన్నాడు. మెడ మీద గాయం మాయమైంది. బుల్లి మంత్రం కూడా మాయమైంది. మళ్ళీ మొదటినుంచి.

బుల్లి పళ్ళు బిగించింది. పళ్ళ డాక్టరు ఎదురుగా పళ్ళు బిగించకూడదని తెలుసు, ఆయన వెంటనే దవడ గురించి ఉపన్యాసం మొదలుపెడతాడు. అయినా బిగించింది.

అది ఆయన క్లినిక్కే. వారానికొకసారి సెలవునాడు మధ్యాహ్నం షట్టరు సగానికి దించేసి, రోగులు కూర్చునే గదిలో పాత పత్రికలున్న బల్ల ఖాళీ చేసి, ఐదుగురూ దాని చుట్టూ చేరతారు. డాక్టరు కథ నడుపుతాడు. కోటలు, అడవులు, రాక్షసులు, తలారులు అన్నీ ఆయనే. మిగతా ముగ్గురు, వాళ్ళ పక్కింటి బస్సు డ్రైవరుతో కలిపి నలుగురు, తలొక మనిషిగా ఆ కథలో తిరుగుతారు. ఏం చేస్తారో వాళ్ళిష్టం, మిగతావాళ్ళకు తెలియకూడదనుకుంటే చీటీ మీద రాసి డాక్టరుకివ్వొచ్చు. అది కుదిరిందో లేదో పాచిక ఇష్టం. బావ నిప్పుల మాంత్రికుడు. అక్క వైద్యురాలు. డ్రైవరు దొంగ. బుల్లి ఒక ముసలి మంత్రగత్తె, పేరు ప్రతిష్ఠలు లేనిది, వంగిన నడుముది.

ఆ ముసలిదాని బొమ్మ బొటనవేలంత ఉంటుంది. పళ్ళ అచ్చులు తీయడానికి వాడే తెల్ల ప్లాస్టరుతో డాక్టరే చేసిచ్చాడు. బుల్లి గోళ్ళ రంగుతో దానికి చీర వేసింది. అది ఇప్పుడు అగ్గిపుల్లలతో కట్టిన ఉరికంబం కింద నిలబడి ఉంది.

జరిగిందేమిటంటే, నలుగురూ ఒక కోటకు అతిథులుగా వెళ్ళారు. విందులో రాణి కప్పెత్తి తాగింది, కూలిపోయింది, కప్పు పగిలింది. కలకలం సద్దుమణిగాక సోదా చేస్తే, విషం అంటిన పెంకులు ముసలిదాని సంచిలో దొరికాయి. తన మీద పడ్డ నింద తుడుచుకోవడానికి న్యాయాధికారి పెంకులు తిరిగిచ్చి, కొంత గడువిచ్చాడు. గడువు కొలవడానికి డాక్టరు బల్ల మీద ఇసుక గడియారాలు వరసగా పెట్టాడు. పిల్లలు పళ్ళు సరిగ్గా తోముకోవాలని క్లినిక్కుకు వచ్చినవాళ్ళకు పంచేవి, ఏనుగు బొమ్మ అతికించినవి. ఒకటయ్యాక ఒకటి తిప్పుతున్నాడు. ఆఖరు ఏనుగు అయిపోతే కాళ్ళ కింద చెక్క లాగేస్తారు.

ఆ తర్వాత బొమ్మ సీసాలోకి పోతుంది. అలమారలో దూది పెట్టుకునే గాజు సీసా ఒకటుంది. ఆటలో చచ్చినవాళ్ళ బొమ్మలు అందులో పడతాయి, ఇక బయటకు రావు. డాక్టరు ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినడు. బావవి నాలుగు బొమ్మలు అందులో తలకిందులుగా పడున్నాయి. ఆయనకు బెంగ లేదు, కొత్త బొమ్మ చేయించుకుంటాడు. బుల్లిది మాత్రం ఆట మొదలైన రోజునుంచీ ఒకటే ముసలిది. మొదటి మెట్టు మీదనుంచి దాన్ని తనే నడిపించుకొచ్చింది. బుల్లి బతుకులో ఇంకెవరి చెయ్యీ పడకుండా తను ఒక్కతే చేసుకున్న పని ఏదైనా ఉందా అంటే అది ఆ ముసలిదే.

దాని చేతిలో ఉన్న ఆయుధమల్లా అతుకు మంత్రం. మొదటి రోజు మంత్రాలు నేర్చుకునేవాడికి కూడా వచ్చేది. పగిలిందో చిరిగిందో విరిగిందో, జానెడు మించని దెబ్బయితే, ముక్కలు దగ్గర పెట్టుకుని ఒక నిమిషం చదివితే అతుక్కుంటుంది. అంతే. నిప్పు రాదు, పిడుగు రాదు.

"ఇన్నేళ్ళొచ్చాయి, ఇంకా ఆ మాట్లు వేసే పనేనా," అని బావ ఎగతాళి. బుల్లి కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, రోజంతా ఊడిన కాడలకు స్క్రూలు బిగిస్తుంది. అందుకని ఆయన ఆమెను స్క్రూ అని పిలుస్తాడు, ఆ తర్వాత అది లూజని కూడా తనే అంటాడు.

ఆయనకు అర్థం కాని సంగతొకటుంది. పెద్ద మంత్రాలన్నిటికీ పాచిక కావాలి. పాచిక మొహం తిప్పుకుంటే సభ తెరలు తగలబడతాయి. పైగా రోజుకు ఒకటో రెండో, ఆపైన ఖాళీ చేతులు. అతుకు మంత్రానికి పాచిక అక్కర్లేదు. తప్పిపోవడమనేది లేదు. అయిపోవడమనేది లేదు. తెగిన వంతెన తాడుకు అదే, పడవ తెడ్డుకు అదే. ఒకసారి కొండ ద్వారం కాసే రాక్షసుడితో మిగతా ముగ్గురూ తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ముసలిది వెళ్ళి వాడి విరిగిన కళ్ళజోడు అతికించింది. వాడు కళ్ళజోడు పెట్టుకుని వీళ్ళను తేరిపార చూసి, దారి వదిలాడు. బావ ఇప్పటికీ ఆ రోజును లెక్కలోకి తీసుకోడు.

దానికి ఉన్న చిక్కల్లా ఆ నిమిషమే. ఈ ఆటలో ఒక నిమిషమంటే అందరికీ తలా పది వంతులు. ఆ పది వంతులూ మిగతావాళ్ళు ఊరుకోవాలి. ఈ కుటుంబంలో అది జరిగే పని కాదు.

"మళ్ళీ మొదలుపెడుతున్నా," అంది బుల్లి. "పెంకులు కొంగులో పెట్టుకున్నా. దయచేసి ఎవరూ నన్ను ముట్టుకోకండి. నన్ను కాపాడకండి."

"ఉరికంబం మీద ఉన్నదాన్ని కాపాడొద్దంటే ఎలాగమ్మా," అన్నాడు డ్రైవరు. ఆయన తెల్లవారుజాము డ్యూటీ దిగి వచ్చాడు, ఒక కన్ను మూసుకునే ఆడుతున్నాడు. అయినా తన వంతు వస్తే ఊరికే నిలబడ్డానని చెప్పి పక్కకు తోశాడు. బావ మంట ఆర్పడానికి గాలి మంత్రం వేశాడు. గాలికి మంట ఇంకా పెరిగింది. సభ నిండా పొగ కమ్మిందన్నాడు డాక్టరు.

ఐదు వంతులు గడిచాయి. ఆరు. ఏడు. బుల్లి తన వంతు వచ్చినప్పుడల్లా "చదువుతున్నా" అని ఒక్క ముక్క చెప్పి నోరు మూసుకుంటోంది. షాపులోనూ అంతే. చీమ తలంత స్క్రూ పట్టకారుతో పట్టుకుని రంధ్రంలో దించేటప్పుడు, ఎదురుగా నిలబడ్డ మనిషి అయిందా అయిందా అని బల్ల మీదకు వంగితే చాలు, ఆ ఊపిరికి స్క్రూ ఎగిరిపోతుంది. ఆ తర్వాత నేలమీద పాకుతూ వెతుక్కోవాల్సింది బుల్లి. గడియారం చూసుకుంటూ నిట్టూర్చేది ఆ మనిషి.

"పొగలో దానికి ఊపిరాడదు," అంది అక్క. "తాడు వదులు చేసి పక్కకు లాగుతున్నా." పాచిక వేసింది. పద్దెనిమిది. అక్క చేతికి పాచిక ఎప్పుడూ మర్యాద ఇస్తుంది.

పెంకులు ముసలిదాని కొంగులోంచి జారి చెల్లాచెదరయ్యాయి. మంత్రం తెగింది.

"అక్కా."

"ఏమే, ఊపిరాడక చస్తావని లాగాను."

"నాకు ఊపిరాడుతోంది. ఇప్పటిదాకా ఆడింది. ఇప్పుడే ఆడట్లేదు."

బావ పగలబడి నవ్వాడు. డాక్టరు ఇంకో ఏనుగును తిప్పాడు. అప్పుడే ఆయన ఫోను మోగింది. ఎవరికో దవడ వాచిందట. ఆయన ఇసుక గడియారాన్ని అడ్డంగా పడుకోబెట్టి, లోపలి గదిలోకి వెళ్ళి ఉప్పునీళ్ళు పుక్కిలించమని, వేడి కాపడం మాత్రం పెట్టొద్దని చెప్పడం మొదలుపెట్టాడు.

బుల్లి లేచి చేతులు కడుక్కునే సింకు దగ్గరకు వెళ్ళింది. కడుక్కోవడానికి ఏమీ లేదు. ఊరికే నీళ్ళు వదిలి నిలబడింది. ఒక కప్పు అతికించడానికి ఇంత తిప్పలా అనుకుంది. ఏడుపు వచ్చేలా ఉంది, ప్లాస్టరు బొమ్మ కోసం ఏడిస్తే ఈ జన్మకు సరిపడా ఎగతాళి మిగులుతుంది.

అక్క వెనకాలే వచ్చి భుజం నిమిరింది. ఆ ముసల్దాన్ని ఇక వదిలెయ్యమంది. ఎన్నాళ్ళని ఈడుస్తావు, కొత్తది చేసుకుందాం, నేను కూర్చుని రాసిపెడతాను, మంచి బలమైనది, అంది. బడిలో బుల్లి బొమ్మలు గీస్తే అంచులు దిద్దింది అక్కే. ఉద్యోగానికి మాట్లాడింది అక్కే. ఆటకు తీసుకొచ్చిందీ అక్కే. వద్దని చెప్పడానికి ఎప్పుడూ కారణం దొరకదు, అక్క చేసేదంతా మంచే.

"నాకు మాత్రం విసుగు పుట్టదా," అని అక్క నీళ్ళ కుళాయి కట్టేస్తూ అంది. "వాళ్ళు దెబ్బలు తింటారు, నేను కట్లు కడతాను. ఎన్నేళ్ళయినా అదే."

ఆ మాటకు బుల్లి తలెత్తి చూసింది. అక్క అప్పటికే వెనక్కి తిరిగింది.

అక్క సింకు దగ్గరే ఆగింది, బల్ల దగ్గర మెలకువగా ఉన్నది బావ ఒక్కడే. డ్రైవరు కుర్చీలో తల వెనక్కి వాల్చి గురక పెడుతున్నాడు. బావ జాలిపడ్డట్టు గొంతు తగ్గించాడు. పోయిన నెలంతా నిప్పు మంత్రం తీసుకో, అతుకు మంత్రం మార్చుకో అని నీ వెంట పడ్డానా లేదా, విని ఉంటే ఇవాళ ఈ గతి పట్టేది కాదుగా అన్నాడు.

"నువ్వు ఎప్పుడూ అనేదేగా బావా."

"ఎగతాళి చేస్తాను, అది వేరు. మార్చుకొమ్మని చెప్పడం నా బుర్రకు తట్టిందేం కాదు. మీ అక్కే ఇంట్లో రోజూ పోరింది. నేను చెబితే వినదు, మీరు చెప్పండి, ఆ మంత్రం మార్పించండి అని."

అక్క వచ్చి కూర్చుంది. డాక్టరు వచ్చి కూర్చుని ఏనుగును నిలబెట్టాడు. ఇసుక కదిలింది.

ఇది కాక ఇంకొక ఏనుగే మిగిలింది.

ఆమె మూడోసారి మొదలుపెట్టింది. పెంకులు ఏరుకోవడానికే ఒక వంతు పోయింది. రెండు. మూడు. బావ తన వంతులో విసుగ్గా మంటలు చూస్తూ నిలబడ్డానన్నాడు. డ్రైవరు దొంగగా పెంకులు ఏరడంలో సాయం చేసి పక్కకు జరిగాడు. బుల్లి చూపు మాత్రం అక్క చేతి మీద ఉంది. అక్కకొక అలవాటుంది. వైద్యురాలిగా ఆమె ఎవరిమీద చెయ్యి వేయాలన్నా, ముందు ఆ మనిషి మొహంలోకి చూసి "రానా?" అని అడుగుతుంది. రాక్షసుడి దెబ్బకు బావ పేగులు బయటకు వచ్చిన రోజు కూడా అడిగింది. అడక్కుండా వైద్యం చేయదు, అది తన పాత్రకు తనే పెట్టుకున్న నియమం.

ఇవాళ రెండుసార్లూ అడగలేదు.

"ఎనిమిదో వంతు," అన్నాడు డాక్టరు.

"తలారి దాని వైపు చూస్తున్నట్టున్నాడు," అంది అక్క. "దానికి రక్ష పెడుతున్నా. దీవెన మంత్రం."

మంత్రం తెగింది. ఇసుక అయిపోయింది. డాక్టరు ఆఖరు ఏనుగును తలకిందులు చేశాడు.

బావ అలమార వైపు చెయ్యి చాపి, సీసా దింపమంటావా అన్నాడు. బుల్లి కోపం ఇంతసేపూ అందరిమీదా ఉంది, ఇప్పుడు ఒక చోటికి చేరింది.

"డ్రైవరన్నా, లే," అంది. "నీ దొంగ దగ్గర పట్టుతాడు ఉంది కదా. వైద్యురాలి చేతులు వెనక్కి కట్టెయ్."

ఆయన రెండు కళ్ళూ తెరిచాడు. బావ కుర్చీలోంచి ముందుకు వంగాడు. మతి గానీ పోయిందా, ఆ సభలో నీ పక్షాన ఉన్నది ఆమె ఒక్కతే అన్నాడు. ఆమె భర్త కదా, పైగా పౌరుషం. కట్టాల్సి వస్తే దొంగను కట్టాలి, సంచుల్లో చేతులు పెట్టే విద్య వాడిదే, పెంకులు నీ సంచిలో వేసిందీ వాడే అయ్యుంటాడు అన్నాడు.

"నా చేతులెందుకే?" అంది అక్క. నవ్వుతూనే అంది. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగింది.

"నాకు సాయం చేయకుండా ఉండటానికి."

డ్రైవరు బుల్లి మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. రద్దీ రోడ్డు మీద ఏ బండి ఎటు మళ్ళుతుందో కనిపెట్టే చూపు అది. పాచిక వేశాడు. పదిహేను. అక్క తప్పించుకోవడానికి వేసింది. పన్నెండు. వైద్యురాలి చేతులు కట్టుబడ్డాయన్నాడు డాక్టరు.

బుల్లి నాలుగోసారి మొదలుపెట్టింది.

షట్టరు కింద నుంచి వీధిలో వెళ్ళేవాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి. బావ తన వంతు వచ్చినప్పుడల్లా పెదవి విరిచి వదిలేశాడు. అక్క తన వంతులో కట్లు విడిపించుకోవడానికి పాచిక వేసింది. నాలుగు. మళ్ళీ వేసింది. ఏడు. ఆమె చేతికి ఎప్పుడూ మర్యాద ఇచ్చే పాచిక ఇవాళ ముఖం చాటేసింది. తొమ్మిదో వంతులో తొమ్మిది పడింది. పట్టుతాడుకు అది చాలదు.

"పదో వంతు," అంది బుల్లి. "చదవడం అయిపోయింది."

పెంకులు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ కదిలాయని డాక్టరు చెప్పాడు. అడుగు, గోడ, పిడి. పగుళ్ళు మూసుకున్నాయి. ముసలిదాని చేతిలో తెల్లటి కప్పు, ఎక్కడా చిన్న లోటు కూడా లేకుండా ఉంది. అందరూ చూశారు.

"అతికితే ఏమైంది," అన్నాడు బావ. "కప్పు కప్పయింది."

"ఇంకా ఉంది," అన్నాడు డాక్టరు. "కప్పు పూర్తయ్యాక కూడా నీ కొంగులో ఒక పెంకు మిగిలింది."

అతుకు మంత్రం ఒకప్పుడు ఒకటిగా ఉన్నవాటినే కలుపుతుంది. ఎంత బతిమాలినా పరాయి ముక్కను తీసుకోదు. ఆ పెంకు కప్పుది కాదు. బుల్లి అది ఎలా ఉందని అడిగింది. మందంగా, గోధుమరంగులో ఉందన్నాడు డాక్టరు. గుండ్రటి అంచు మీద మైనం మరక, చిన్న కుండ మూతి ముక్క. కప్పులో కలిపేముందు విషం అందులో ఉండి ఉంటుందని బుల్లికి తట్టింది. గాభరాలో మూతి విరిగి, పెంకులు సంచిలో వేసినప్పుడు ఇదీ వాటితో పడిపోయి ఉంటుంది.

"మైనంతో మూసే కుండలు ఎవరు మోస్తారు?" అంది బుల్లి.

డ్రైవరు గడ్డం గోక్కున్నాడు. తన దొంగ దగ్గర తాళంచెవులు, తాడు తప్ప కుండలు లేవన్నాడు. మందుల కుండలు మోసేది ఒక్కరే. బావ ఊరుకోలేదు. అయితే మాత్రం, వాళ్ళ దగ్గరనుంచి దొంగ కొట్టేసి ఉండొచ్చుగా, దొంగ ఉన్నదే అందుకుగా అన్నాడు. అదీ నిజమే. ఆ పెంకును ఏ కుండకు అతికించి చూడాలన్నా ఇంకో నిమిషం కావాలి. ఏనుగు పొట్టలో చిటికెడు ఇసుక మిగిలింది.

"న్యాయాధికారి లేచి నిలబడ్డాడు," అన్నాడు డాక్టరు. "దోషి ఎవరో పైకి చెప్పమంటున్నాడు. ఒక్కసారే. తప్పు చెబితే చెక్క లాగేస్తారు."

"దొంగ అని చెప్పు, అయిపోతుంది," అన్నాడు బావ.

"నేనే అయితే ఆ చేతులు కట్టేవాణ్ణా," అన్నాడు డ్రైవరు. ఆయన గొంతులో నిద్ర పూర్తిగా పోయింది.

బుల్లి తన బొమ్మ వైపు చూసింది. గోళ్ళ రంగు చీర ఒకచోట పెచ్చు లేచి ఉంది. నాలుగుసార్లు మొదలుపెట్టింది. మొదటి మూడుసార్లూ పూర్తవకముందే తెగింది. బావ తెరలు తగలబెట్టాడు, గాలి మంత్రంతో మంట పెంచాడు, నోటికొచ్చింది అన్నాడు. కానీ ఆమెను ముట్టుకోలేదు. దొంగ అయితే పెంకులు ఏరిపెట్టాడు. మూడుసార్లూ ముట్టుకున్నది ఒకే చెయ్యి. అడక్కుండా ముట్టుకున్న చెయ్యి.

తప్పయితే? ముసలిది సీసాలో పడుతుంది. అంతకంటే ముందు, తనకు ఎప్పుడూ మంచే చేసిన మనిషిని నలుగురిలో వేలెత్తి చూపినట్టవుతుంది. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని ఎవరి మొహం ఎవరు చూడాలి.

అక్క బల్ల మీదకు వంగి, బుల్లి మణికట్టు మీద మెత్తగా చెయ్యి వేసింది.

"తొందరపడకే. పొరపాటున ఏదో అనేస్తావు, ఇన్నేళ్ళ ముసల్ది పోతుంది," అంది. "పోనీ నేను చెప్పనా, నీ తరఫున?"

బుల్లి ఆ చేతిని తీసి, నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"వద్దక్కా. నేనే చెప్పుకుంటాను."

డాక్టరు వైపు తిరిగింది.

"రాణికి విషం పెట్టింది వైద్యురాలు," అంది. "మా అక్క."